అడిగినవారికి, మనము లేనివేళ

పుస్తకమొకటి కావలెనని కార్డు వ్రాసి, వారము పది దినములు నిరీక్షించి, తపాలా జవానుకు సొమ్ము చెల్లించి వి.పి. కట్టను అందుకొనుట మన పెద్దల తరమువారికి చిరపరిచితమైన ఆనందము. 1877లో ఈ దేశమున ప్రవేశపెట్టబడిన ఆ పద్ధతి, పుస్తకముల అంగడి యన్నది ఎరుగని పల్లెలకు సైతము చెన్నపురి వావిళ్లవారి గ్రంథములను చేర్చినది. ఆ వ్యవహారమంతటికిని ప్రాణము కాటలాగు. అడుగువాని ముఖము నెన్నడును చూడకయే, వానికి ఏమి కావలసివచ్చునో, దానిని వాడు ఏ పేరుతో పిలుచునో ముందుగా ఊహించి, పేరును వెలను తపాలా ఖర్చును సుబోధముగ అచ్చువేసిన ఆ పలుచని పొత్తము, ఇచ్చువానికిని పుచ్చుకొనువానికిని నడుమ కుదిరిన తొలి ఒడంబడిక.

అట్టి ఒడంబడికనే తలచి, కర్ణాటకములోని చింతామణిలో నా యింట నడుచుచున్న కంప్యూటరు బులెటిన్ బోర్డునకు, ఈమెయిలు ద్వారా ఫైలు కోరెడి ఏర్పాటును ఈ మధ్య అమర్చితిని. జాబు పైని విషయపు పంక్తిలో పుస్తకము పేరు వ్రాసి పంపినచో, యంత్రము దానిని చదివి, ఆ ఫైలును జాబునకు జతచేసి తిరుగు టపాలో పంపును. నేను నిద్రించుచున్నను, ఊరిలో లేకున్నను సరియే. ఇంతటి చిన్న పనికి ఒక వారపు శీర్షికను వినియోగింపవలెనా యని పాఠకులు సందేహింపవచ్చును. చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి సీమలలో ఇంటి భాష తెలుగు, బడి భాష కన్నడము అయిన కుటుంబములు వేనవేలు. ముద్దేనహళ్లిలో జన్మించిన విశ్వేశ్వరయ్యగారి యింటిపేరే గిద్దలూరు సీమలోని మోక్షగుండము. అట్టి యిండ్లలో తెలుగు చెవికి నిత్యము వినబడును గాని, కంటికి కనబడుట కష్టము. తెలుగు పుస్తకమొకటి కావలసినవాడు బెంగుళూరునకో హిందూపురమునకో పోవలసినదే. కనుక ఇచ్చట ఎవడైనను ఒక తెలుగు గ్రంథమును పేరుపెట్టి అడిగినయెడల, అడిగినంతనే దానిని అందించుట నాకు అత్యంత ప్రియమైన కార్యము.

ఈ విద్యకు పూర్వచరిత్ర కలదు. 1978 ఫిబ్రవరి 16వ తేదీన షికాగో నగరమున వార్డ్ క్రిస్టెన్‌సెన్, రాండీ స్యూస్ అను ఇరువురు మిత్రులు తొలి బులెటిన్ బోర్డును లోకమునకు తెరచిరి. ఆ సంవత్సరపు జనవరిలో కురిసిన ఘోరమైన మంచుతుఫానులో ఇల్లు కదలలేక ఆ పనికి పూనుకొన్నారని ప్రసిద్ధి. నాటి బోర్డులో ఫైలు కావలసినవాడు స్వయముగ ఫోను కలిపి, లోనికి ప్రవేశించి, జాబితాలన్నియు తిరిగి, కోరినదానిని దింపుకొనవలసియుండెను. 1984లో టామ్ జెన్నింగ్స్ ఫిడోనెట్‌ను స్థాపించి, బోర్డులు రాత్రివేళ ఒకదానికొకటి తామే ఫోను చేసికొని ఉత్తరములను మార్చుకొనునట్లు ఏర్పాటు చేసెను. పిమ్మట థామ్ హెండర్సన్ రచించిన సీడాగ్ మొదలైన మెయిలర్లు, అనగా ఉత్తరములను చేరవేయు ప్రోగ్రాములు, ఇంకొక అడుగు వేసినవి. మనుష్యుడు లోనికి ప్రవేశింపనక్కరలేకయే, ఒక యంత్రము మరియొక యంత్రమును ఫైలు అడుగుటకు మార్గమేర్పడెను. దానినే బోర్డులు నడుపువారు ఫ్రెక్ అని ముద్దుగా పిలుచుకొనిరి.

ఆ మర్యాదలోని సంక్షిప్తత నన్ను నేటికిని ముగ్ధుని చేయును. అడుగు యంత్రము ఒక చిన్న కోరిక ఫైలును తయారు చేయును. దాని పేరు ఎనిమిది అక్షరములు: మొదటి నాలుగు ఎవరిని అడుగుచున్నదో ఆ బోర్డు చేరిన వలయపు సంఖ్య, తరువాతి నాలుగు ఆ బోర్డు సంఖ్య, రెండును పదునారు మూలముగల లెక్కలో. 104వ వలయములోని 36వ బోర్డును అడుగవలెనన్నచో ఆ పేరు 00680024 అగును. లోపల పంక్తికొక ఫైలు పేరు. పేరు ప్రక్కన ఆశ్చర్యార్థకము పెట్టి సంకేతపదము చేర్చవచ్చును. కూడిక గుర్తు పెట్టి కాలము వ్రాసినచో, ఆ కాలమునకు పిమ్మట మారినదైన యెడలనే పంపుమని అర్థము. ఇచ్చువాని శ్రమను, తన కాలమును, దూరభాష ఖర్చును ఒక్క గుర్తుతో మన్నించిన ఆ చివరి సదుపాయము మీద నాకు ప్రత్యేకాభిమానము. ఇక, ఫైలు అసలు పేరు తెలియనివారికై 'మాయపేర్లు' ఉండెడివి. ఫైల్స్ అని అడిగినచో ఆ బోర్డులోని సమస్త జాబితాయు వచ్చును. నోడ్‌లిస్ట్ అని అడిగినచో నాటికి సరికొత్తదైన చిరునామాల పట్టిక వచ్చును. అసలు ఫైలు పేరు వారమువారము మారినను మాయపేరు మారదు.

మన దేశమున ఈ వ్యవసాయము బెంగుళూరునకు త్వరగానే వచ్చెను. అతుల్ చిట్నీస్ 1989లో ప్రారంభించిన సీఐఎక్స్, భారతదేశపు తొలితరపు బోర్డులలో ఒకటి. కాని చింతామణి నుండి బెంగుళూరును పిలుచుట నాడు ఎస్.టి.డి. వ్యవహారము. సి-డాట్ సంస్థ పల్లెలకై రూపొందించిన 128 లైన్ల చిన్న ఎక్స్చేంజి మన రాష్ట్రముననే, కిత్తూరులో, 1986లో మొట్టమొదట నెలకొన్నది. ఆ మీదటనే చిన్న ఊళ్లకు నేరుగ అంకెలు త్రిప్పుకొను భాగ్యము క్రమక్రమముగ విస్తరించెను. నాడు రాత్రి పదకొండు గంటలు దాటినచో ఛార్జీ నాల్గవ వంతు. మన ఆసియా మండలమునకు ఫిడోనెట్‌వారు నిర్ణయించిన ఉత్తరముల ముహూర్తము, మన కాలమానము ప్రకారము రాత్రి ఒంటిగంటన్నర మొదలు రెండున్నర వరకు ఉండెడిది. ఆ గంటలో ఫైళ్లు అడుగుట మర్యాద కాదు. ఉత్తరములకే దారి విడువవలెను. ఇంతటి కట్టుదిట్టములకు కారణము లైను దుర్లభముగ నుండుటయే. 2400 బిట్ల మోడెము సెకనుకు సుమారు 240 అక్షరములను మోయును. నూట యెనిమిది వృత్తముల తెలుగు శతకమొకటి నేటి యూనికోడులో యాభై అరవై కిలోబైట్లుండును. అంతమాత్రపు శతకమునకే నాడు సుమారు నాలుగు నిమిషములు పట్టియుండును.

ఈమెయిలు తప్ప వేరు దారి లేనివారికొరకు వేరొక శాఖ ఇంతకు పూర్వమే మొలకెత్తెను. 1985లో జాక్ డొంగారా, ఎరిక్ గ్రోస్ అను పండితులు గణితశాస్త్ర సాఫ్ట్‌వేరును పంచుటకై నెట్‌లిబ్‌ను నెలకొల్పిరి. అందులకు 'సెండ్ ఇండెక్స్' అని జాబు వ్రాసినచో పట్టిక వచ్చును, పట్టిక చూచి పేరు వ్రాసినచో ప్రోగ్రాము వచ్చును. అడుగువారు ఎవరో, ఏ ఖండమువారో అడ్డగించి ప్రశ్నించువారు లేరు. పిమ్మట పాల్ విక్సీ వ్రాసిన ఎఫ్‌టిపి-మెయిలు, ఇంటర్నెట్టు గడప తొక్కలేని వారికి దానిలోని ఫైళ్లను ముక్కలు ముక్కలుగ ఉత్తరములలో చేరవేసెను. ఉత్తరము ఏడు బిట్ల రోమను అక్షరములను దక్క వేరొకదానిని మోయజాలని కాలమది. కనుక మూడు బైట్లను నాలుగు అక్షరములుగ విప్పి, అవతల మరల ముడివేసికొనవలసియుండెను. తెలుగునకు ఆ నిర్బంధమే వేరొక రూపమున తటస్థించెను. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయమునందలి తెలుగువారు రోమను అక్షరములలో తెలుగును నిస్సందిగ్ధముగ వ్రాయుటకు కల్పించిన ఆర్.టి.ఎస్. పద్ధతిని, యూజ్‌నెట్టు చర్చావేదికలలో కూడిన ప్రవాసాంధ్రులు సంవత్సరముల తరబడి వాడుకొనిరి. పద్యములు ఆ వేషములోనే సముద్రములు దాటినవి. వాటిని యథాతథముగ భద్రపరచినవారికి మనము ఋణపడియున్నాము.

నా బోర్డు నడుచునది సింక్రోనెట్ అను ప్రోగ్రాము మీద. రాబ్ స్విండెల్ తొంబదుల మొదటినుండి నేటివరకు దీక్షతో పెంచుచున్న కృతి అది. వచ్చిన ఉత్తరమును వేరొక ప్రోగ్రామునకు అప్పగించు సదుపాయము దానియందు ముందే కలదు గనుక, నాకు మిగిలినది ఆ ప్రోగ్రాము వ్రాయుట. మొట్టమొదటి నియమము కఠినముగ పెట్టుకొంటిని: అడిగినవాడు వ్రాసిన పేరును నేరుగ డిస్కునకు అందింపరాదు. రెండు చుక్కలు, ఒక గీత కలిపి వ్రాయనేర్చినవాడు పై అరలలోనికి ప్రాకి, ఇంటివారి రహస్యములన్నియు తడవగలడు. పేరును ముందుగ పట్టికలో వెదకవలెను. పట్టికలో ఉన్నదే ఇవ్వవలెను. పట్టికలో ఉండుటకు అర్హతయు ఒకటే: రచయిత గతించి అరువది సంవత్సరములు దాటి, స్వామ్యహక్కు తీరిన గ్రంథము. గురజాడ, వీరేశలింగము, చిలకమర్తి ఇందుకు లోబడి సుఖముగ ఉన్నారు.

రెండవ భయము, యంత్రము యంత్రముతో మాటలాడుట. ఊరికి పోయినవాడు తన ఈమెయిలులో 'నేను లేను' అను తిరుగు జాబును అమర్చి పోవును. నా యంత్రము దానినొక కోరికగ భావించి బదులు వ్రాయును. అది మరల నేను లేనను. తెల్లవారునప్పటికి రెండు వైపుల పెట్టెలును నిండును. 2004లో కీత్ మూర్ రచించిన ప్రమాణపత్రము ఇందులకు చక్కని విరుగుడు చెప్పినది: యంత్రము వ్రాసిన ప్రతి జాబు శిరస్సున ఇది యంత్రలిఖితమని ముద్ర వేయవలెను, ఆ ముద్ర కనబడిన జాబునకు మరియొక యంత్రము బదులీయరాదు. అంతేకాక, పంపినవాని చిరునామా దొంగది కావచ్చును. అడుగని అమాయకునికి పెద్ద పెద్ద ఫైళ్లు వచ్చి పడకుండుటకై, క్రొత్తవారికి మొదట ఒక సంకేతముతో చిన్న జాబు పంపి, దానికి బదులు వచ్చిన పిమ్మటనే పుస్తకము పంపుచున్నాను. స్కాను చేసిన గ్రంథములకు వేరొక చిక్కు కలదు. ఉత్తరమున నేటికిని మూడు బైట్లు నాలుగగును. పెక్కు సంస్థలవారు 25 మెగాబైట్లకు మించినదానిని అంగీకరింపరు. అందువలన పెద్ద పుస్తకములను అధ్యాయములుగ విభజించి, ప్రతి భాగమునకును ప్రత్యేకముగ పేరు పెట్టితిని.

అన్నిటికంటె ఎక్కువ కాలము తీసికొన్నది పేర్ల పట్టిక. కన్యాశుల్కమును రోమను లిపిలో వ్రాయువారు ఎందరో అన్ని విధములు: శకారమునకు హెచ్ ఉంచువారు, ఉంచనివారు, చివరి 'ము'ను విడుచువారు, 'ం' తో సరిపెట్టువారు, మధ్య దీర్ఘమునకు అక్షరము రెట్టించువారు. వారిలో ఒక్కరును తప్పు వ్రాయుటలేదు. తమ చెవికి తోచినట్లు వ్రాయుచున్నారు. కావున ఆ రూపములన్నియు ఒకే గ్రంథమునకు మాయపేర్లుగ నమోదు చేసితిని. పేరు బొత్తిగా కలియనప్పుడు 'దొరకలేదు' అని తలుపు వేయక, దగ్గరి పేర్లను మూడింటిని చూపి, వీటిలో ఏదైన మీరు కోరినదా యని తెలుగునను కన్నడమునను అడుగునట్లు జాబు కూర్చితిని. ఆ లేదను జాబును నేను ఎన్నిమారులు తిరుగ వ్రాసితినో చెప్పజాలను. పుస్తకము అందుకొన్నవానికి నా వాక్యములతో పని లేదు; అందనివానికి దక్కునవి ఆ నాలుగు వాక్యములే.

బాగేపల్లి తాలూకా నుండి వచ్చిన ఒక కోరిక నా పనిని క్రొత్త దారికి త్రిప్పెను. ఒక పల్లెటూరి యువకుడు యంత్రమునకు గాక నాకే నేరుగ వ్రాసెను: "అన్నా, మా అవ్వకి కైవారం తాతయ్య తత్వాలు కావాలంట. ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ, మేము సదువుకునింది కన్నడం. కన్నడ అక్షరాల్లో పంపుతావా?" చింతామణి తాలూకాలోని కైవారమున వెలసిన ఆ తాతయ్య, నారేయణ యోగి, తెలుగునను కన్నడమునను పాడిన మహనీయుడు. ఆయన తెలుగు పదములను కన్నడ లిపిలో చదువుకొనుట ఈ సీమలో నెలకొన్న సంప్రదాయమే. ఆ అవ్వ కోరినది వింతకాదు, నా పట్టికయే అసంపూర్ణము.

ఈ సందర్భమున యూనికోడు రూపకర్తలు మనకు తెలియకయే చేసిన ఉపకారము ఒకటి ఉన్నది. భారతీయ లిపులన్నిటిని ఒకే క్రమమున అమర్చిన పాత ప్రమాణమును వారు అనుసరించుటచే, తెలుగు అక్షరములును కన్నడ అక్షరములును రెండు సమాంతర వరుసలలో నిలిచినవి. తెలుగు 'క' సంఖ్య 3093. కన్నడ 'క' సంఖ్య 3221. భేదము 128. ప్రతి తెలుగు అక్షరమునకును 128 కూడినచో, కొద్ది అక్షరములు దక్క, కన్నడ లిపి సిద్ధము. గుణింతము, ఒత్తు, సున్న అన్నియు తమ తమ స్థానములలో వచ్చి కూర్చుండును. శతాబ్దములకు పూర్వము ఒకే లిపిగ నుండి పిమ్మట విడివడిన ఈ రెండింటిని ఒక కూడికతో తిరిగి కలిపినప్పుడు నాకు కలిగిన సంతోషము వర్ణనాతీతము. ఇప్పుడు గ్రంథము పేరు చివర కన్నడ అని వ్రాసినచో యంత్రము ఆ కూడిక చేసి పంపును.

అయినను ఆ ప్రతులను నేరుగ వదలరాదు. శకటరేఫము నేటి కన్నడ పాఠకునకు పరిచయము లేనిది. అర్ధానుస్వారమునకు కన్నడమున స్థానము ఉన్నను, దానిని సరిగా చూపని ఫోనులు కలవు. మొదటిదానిని సాధురేఫముగ మార్చితిని, రెండవదానిని విడిచివేసితిని. ప్రాసల కొరకు, వ్యాకరణము కొరకు వాటిని కోరెడి పండితులకు తెలుగు ప్రతి ఉండనే ఉన్నది. తత్త్వములను మాత్రము యంత్రమునకు విడువక, పాడువారి యెదుట కూర్చుండి పదపదమును సరిచూచుచున్నాను. అవ్వ పాడెడి పాఠమునకును అచ్చు ప్రతికిని అచ్చటచ్చట భేదమున్నది, ఆమె పాఠమును విడిగ నమోదు చేయుచున్నాను. ఆ పని ముగిసినంతనే రెండు పాఠములును పట్టికకు ఎక్కును. అంతవరకు ఆ పేరుతో జాబు వ్రాసినవారికి, తత్త్వములు సరిచూడబడుచున్నవనియు, సిద్ధమైన నాడు యంత్రము తానే వారికి పంపుననియు బదులు వచ్చును.