‘నేరస్థ జాతి’ యను మాట – ఒక గ్రంథ విమర్శ

నేరము చేయువాడు వ్యక్తి. కాని 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టము జాతులకు జాతులనే నేరస్థులుగ లెక్కించెను. 1911 చట్టముతో ఇది మదరాసు రాజధానికిని వ్యాపించెను. అది ఎరుకలవారి బ్రతుకు నెట్లు మార్చెనో శ్రీమతి మీనా రాధాకృష్ణ ‘డిజానర్డ్ బై హిస్టరీ’ (2001) అను ఆంగ్ల గ్రంథమున పరిశోధించి చూపిరి. ఎరుకల, కొరవ, కొరచ, కైకాడి యని ప్రాంతమునకొక పేరుతో పిలువబడు ఈ జనము మనవలెనే పలు భాషాసీమలలో చెదరియున్నవారు. కావున మన సంఘములవారికి ఈ గ్రంథము పరాయిది కాదు.

ఈమె వాదమునకు ప్రాణము ఉప్పు. తీరమునుండి ఎద్దులమీదను గాడిదలమీదను ఉప్పును లోనాడులకు చేరవేసి, మారుగా ధాన్యము తెచ్చుకొని జీవించినవారు వీరు. రైలు వచ్చెను, ఉప్పు సర్కారు గుత్తయయ్యెను, అడవి చట్టములు బుట్టలల్లు సామగ్రిని, పసుల మేతను దూరము చేసెను, 1876–78 నాటి ధాత కరవు పశువులను మ్రింగెను. బ్రతుకుతెరువు పోయినవానిని దేశదిమ్మరి యనిరి. దేశదిమ్మరిని దొంగ యనిరి. నేరమునకు మూలము పుట్టుకలో వెదకిన దొరలకు ఇంతకన్న గట్టి సమాధానము నేను చదువలేదు.

బాపట్ల చెంత సాల్వేషన్ ఆర్మీ నడపిన స్టూవర్టుపురమును గూర్చిన భాగము మరియు విలువైనది. సంస్కారము పేర వెలసిన ఆ నివేశనము పొగాకు కంపెనీకి కూలీల నందించు ఏర్పాటుగను పనిచేసెను. వ్రేలిముద్రలు, హాజరుపట్టీ, ఊరు దాటుటకు చీటి – ఇవి పెద్దలకు. బిడ్డలను తల్లిదండ్రులనుండి వేరుచేయు అధికారమును సైతము చట్టమిచ్చెను. బడిపంతులుగ ఈ పుటలను చదువుట నాకు కష్టమయ్యెను.

గ్రంథనామముపై మాత్రము నాకు ఆక్షేపణ గలదు. చరిత్ర యెవరిని అవమానించును? పేరు వ్రాసుకొన్న గుమస్తా గలడు. రాత్రి హాజరు పట్టిన పోలీసు గలడు. ప్రక్కన నిలిచి చూచిన ఊరు గలదు. ఆధారములలో అధికభాగము దొరతనపు దస్తరములగుటచే ఎరుకవారి గొంతు కొంత సన్నగిల్లినది. ఊరూర ఎరుక చెప్పిన స్త్రీ ఏమి చూచినదో దస్తరములకు తెలియదు.

చట్టము 1952లో దేశమంతట రద్దయ్యెను. ఆ స్థానమున ‘అలవాటు నేరస్థుల’ చట్టములు వచ్చెను. జైలు నిబంధనలలో ఈ జాతులను పుట్టుకతో నేరస్థులుగ చూచు మాటలు చెల్లవని సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న తీర్పు చెప్పవలసి వచ్చెను. మన చలనచిత్రములలో మాత్రము స్టూవర్టుపురము నేటికిని దొంగల ఊరే.