బొమ్మ అడిగితే తప్పులేదు

పత్రికలో పనిచేసినన్నాళ్ళూ నాకో అలవాటుండేది. ఇంటర్వ్యూ ముగించుకుని బయటికొచ్చాక నోట్‌బుక్కులో ఒక అడ్డగీత గీసి, దాని కింద నేను అడగలేకపోయిన ప్రశ్న రాసుకునేవాణ్ణి. అలాంటి ఒక గీత కింద ‘విగ్గు’ అని ఒక్క మాటే ఉంది. ఆయన పేరున్న రంగస్థల నటుడు. రెండు గంటలసేపు పద్యం గురించి, పాత్రలో లీనమవడం గురించి మాట్లాడారు. ఆ రెండు గంటలూ ఆయన విగ్గు ఎడమ చెవి మీదికి జారి ఉంది. ఫొటోగ్రాఫర్ నావంక చూస్తాడు, నేను ఫ్యాను వంక చూస్తాను. కాఫీ తెచ్చినావిడ కూడా చూసింది. గ్లాసులు పెట్టి, కిక్కురుమనకుండా వెళ్ళిపోయింది. ఆదివారం నా వ్యాసం అచ్చయింది. అందులో అన్నీ ఉన్నాయి, విగ్గు తప్ప.

అది మళ్ళీ గుర్తొచ్చింది 2007 చలికాలంలో, డబ్లిన్‌లో. తమ్ముడు అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాడు. వాళ్ళింట్లో నెల్లాళ్ళున్నాను. నిద్ర పట్టక, పొద్దుపోయేదాకా హాల్లో టీవీ పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ఓ రాత్రి ఐర్లండు ప్రభుత్వ టీవీ సంస్థ ఆర్‌టీఈ వాళ్ళ టూ చానల్లో రెండు బొమ్మలు కనపడ్డాయి. పిల్లల కార్యక్రమం ఈ వేళప్పుడేమిటా అనుకున్నాను. వాటివి ముదిరిపోయిన మొహాలు, చూడబుద్ధి కాని పళ్ళు. వాటి పక్కన ఒక మనిషి, యాంకరమ్మ. ఎదురుగా ఎవరో అతిథి. బొమ్మల్లో ఒకటి అతనికేదో ప్రశ్న వేసింది, జనం గొల్లుమన్నారు. ఆ యాస నాకు సగమే అర్థమైంది. అర్థమైన సగానికే చెవులు వేడెక్కాయి. మంచినీళ్ళ కోసం వచ్చిన మరదలు గుమ్మంలో ఆగి, “బావగారూ, అది మీరు చూసేది కాదండీ” అంది.

“బొమ్మలే కదమ్మా” అన్నాను.

“బొమ్మలు కాబట్టేనండీ” అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ కార్యక్రమం ‘ద పాడ్జ్ అండ్ రాడ్జ్ షో’. 2006లో మొదలై 2010 దాకా నడిచింది. పాడ్జ్, రాడ్జ్ అన్నదమ్ములు, పెళ్ళీ పెటాకులూ లేని పల్లెటూరి ముదురు బ్రహ్మచారులు. ఇంటిపేరు ఓ’లెప్రసీ. ఐరిష్ ఇంటిపేర్ల ముందుండే ‘ఓ’కి కుష్ఠురోగాన్ని తగిలించారన్నమాట. ఊరు బాలీడంగ్. అక్కడ ఊరిపేర్ల ముందు వచ్చే ‘బాలీ’ మన ‘పల్లి’ లాంటిదే, ‘డంగ్’ అంటే పేడ. కాబట్టి తెలుగులో వాళ్ళది పేడపల్లి. పెద్దపల్లి వాళ్ళు మన్నించాలి, నా తప్పేం లేదు.

ఆ బొమ్మల వెనకున్న చేతులు మిక్ ఓ’హారా, కియరన్ మోరిసన్ అనే ఇద్దరివి. 1987లో పిల్లల టీవీ కోసం వేరే గ్రహం నుంచి దిగిన జిగ్, జాగ్ అనే జంటను పుట్టించింది కూడా వీళ్ళే. ఆ జంట 1992లో ఇంగ్లండు వెళ్ళి, చానల్ 4లో ‘ద బిగ్ బ్రేక్‌ఫాస్ట్’ అనే పొద్దుటి కార్యక్రమంలో పేరు తెచ్చుకుంది. పాడ్జ్, రాడ్జ్‌లకు 1997లో ‘ఎ స్కేర్ ఎట్ బెడ్‌టైమ్’ అనే సొంత కార్యక్రమం దొరికింది. మంచమ్మీద పడుకుని ఒకరికొకరు దెయ్యాల కథలు, రోత కథలు చెప్పుకోవడం దాని పని. తొమ్మిదేళ్ళు అలా కథలు చెప్పి, ఆ తర్వాత చాట్ షో పెట్టారు. 1987లో బడి నుంచొచ్చి జిగ్, జాగ్‌లను చూసిన ఎనిమిదేళ్ళ పిల్లవాడికి 2006లో ఇరవై ఏడేళ్ళు. ఆ చేతులు తమ ప్రేక్షకుడితోపాటే పెరిగి, అతనితోపాటే చెడిపోయాయి.

ఈ వెకిలితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలంటే ఇంకో నలభై ఏళ్ళు వెనక్కి పోవాలి. ఆర్‌టీఈలో 1962 నుంచీ ‘ద లేట్ లేట్ షో’ వస్తోంది. ముప్ఫై ఏడేళ్ళు దాన్ని నడిపినవాడు గే బర్న్. 1966 ఫిబ్రవరిలో ఒక శనివారం రాత్రి, మొగుడూ పెళ్ళాల్ని విడివిడిగా ప్రశ్నలడిగి జవాబులు సరిపోతాయో లేదో చూసే ఆట పెట్టాడు. పెళ్ళైన మొదటి రాత్రి ఆవిడ వేసుకున్న నైటీ రంగేమిటి అన్నది ఒక ప్రశ్న. అసలేమీ వేసుకోలేదేమో అందావిడ, తమాషాకి. మర్నాడు ఆదివారం. క్లాన్‌ఫర్ట్ బిషప్ థామస్ రయాన్ చర్చిలో ఆ కార్యక్రమాన్ని ఎత్తి దులిపేశాడు. పేపర్లకెక్కింది, దేశమంతా మాట్లాడుకుంది, టీవీవాళ్ళు విచారం వెలిబుచ్చాల్సొచ్చింది. మర్యాదస్తుడైన మనిషి, మర్యాదస్తురాలైన ఇల్లాలిని నైటీ రంగు అడిగినందుకు ఇంత! అదే ఆర్‌టీఈ సరిగ్గా నలభై ఏళ్ళకు పేడపల్లి అన్నదమ్ముల్ని తెచ్చి కూర్చోబెట్టింది. వాళ్ళు అడిగినవాటితో పోలిస్తే నైటీ రంగు బాలశిక్షలో ప్రశ్న. మధ్యలో చర్చి పట్టు సడలింది, దేశం చేతిలో నాలుగు డబ్బులాడాయి, అవన్నీ నిజమే. అయినా మనిషి నోటితో అడిగించి ఉంటే ఒప్పుకునేవాళ్ళని నేననుకోను. అందుకే బొమ్మలు.

ఇక్కడ మా ఇంట్లో జరిగింది చెప్పాలి. ఇండియా తిరిగొచ్చాక ఒక పాత మేజోడుకి రెండు గుండీలు కుట్టి, చేతికి తొడుక్కుని సాధన మొదలెట్టాను. కింది దవడ మన బొటనవేలు. పై దవడ మిగతా నాలుగు వేళ్ళు. కదలాల్సింది బొటనవేలే. కొత్తవాళ్ళు నాలుగు వేళ్ళూ ఎగరేస్తారు, అప్పుడు బొమ్మ మాట్లాడుతున్నట్టుండదు, మాటల్ని కరుస్తున్నట్టుంటుంది. తెలుగుతో ఇంకో చిక్కు. మనకి దాదాపు ప్రతి అక్షరం చివరా అచ్చే. అచ్చు పలికినప్పుడల్లా నోరు తెరిస్తే, ‘వచ్చేస్తున్నానుండండి’ అనేలోపు ఏడుసార్లు తెరవాలి. గేదె నెమరేసినట్టుంటుంది. మాటలో ఊనిక పడేచోట రెండు మూడుసార్లు తెరిస్తే చాలునని అద్దం ముందు వారం రోజులు నిలబడ్డాక తెలిసింది. టీవీలో చేసేవాళ్ళు అద్దం కాదు, మానిటర్ చూసుకుంటారు. కింద నక్కి, చెయ్యి పైకెత్తి, తలెత్తకుండా ఆ చిన్న తెరలో తమ బొమ్మని చూసుకుంటూ ఆడిస్తారు. అందులో కుడి ఎడమలు అద్దంలోలా ఉండవు. బొమ్మని అటు తిప్పబోయి ఇటు తిప్పడం అందరూ చేసే తప్పే.

ఓ పొద్దున మేజోడు తొడుక్కుని వంటింటి గుమ్మం పక్కన నక్కి, చెయ్యి మాత్రం లోపలికి పెట్టి, “ఉప్మాలో ఉప్పెందుకు తక్కువైంది?” అని అడిగాను. మా ఆవిడ బొమ్మ కళ్ళలోకి సూటిగా చూసి, “రేపట్నించి నువ్వే వండు” అంది. బొమ్మతోనే అంది. నేనక్కడే ఉన్నానని తెలిసీ గుమ్మం అవతలికి తొంగి చూడలేదు. మామూలుగా నేనే అడిగుంటే ఆ పూట కాఫీ ఉండేది కాదు.

కిటుకంతా అదే. వెనక మనిషున్నాడని తెలిసినా కళ్ళు బొమ్మ మీదికే పోతాయి. 1976లో బీబీసీలో మైకేల్ పార్కిన్సన్ షోకి రాడ్ హల్ అనే హాస్యగాడు తన ఈమూ పక్షి బొమ్మతో వచ్చాడు. ఆయన చాటున కూడా లేడు, పక్కనే కూర్చున్నాడు. పక్షి మెడలో ఉన్నది ఆయన చెయ్యేనని చూసేవాళ్ళందరికీ తెలుసు. పక్షి తన మాట వినదన్నది ఆయన వేషం. ఆ పక్షి పార్కిన్సన్ మీద పడి, కుర్చీలోంచి కిందికి లాగేసింది. మహమ్మద్ అలీ అంతటివాణ్ణి ఇంటర్వ్యూ చేసిన మనిషి, చివరిదాకా జనం తనని ఆ దిక్కుమాలిన పక్షితోనే గుర్తుపెట్టుకున్నారని వాపోయేవాడు.

బొమ్మ పక్కనే కూర్చుని, పెదాలు కదపకుండా మాట్లాడించే విద్య వేరు. పఫబభమలు పలకాలంటే పెదాలు కలవాలి కనక అందులో ‘అమ్మ’ అనడమే గండం. ‘మ’ బదులు ‘న’, ‘బ’ బదులు ‘ద’ పలికి నాలుకతో నెట్టుకొస్తారు. మరింగంటి సింగరాచార్యుల ‘దశరథరాజనందన చరిత్ర’ మొత్తం పెదవి తగలని నిరోష్ఠ్య కావ్యం. ఈ విద్య నేర్చుకునేవాళ్ళకి అంతకంటే మంచి పాఠ్యపుస్తకం ఏ భాషలో దొరుకుతుంది? పాడ్జ్, రాడ్జ్‌ల వాళ్ళకి ఆ గొడవ లేదు. వాళ్ళు చాటునుంటారు.

వెకిలి ప్రశ్న వెయ్యడం గొప్ప పనేం కాదు, తాగినవాడెవడైనా వేస్తాడు. ఆ నెల్లాళ్ళలో చూసినన్ని భాగాలు చూశాక నా కళ్ళు బొమ్మల మీద నుంచి మెల్లిగా యాంకరమ్మ మీదికి మళ్ళాయి. ఆవిడ లూసీ కెనెడీ. బొమ్మలు హద్దు దాటినప్పుడు కసురుకునేది ఆవిడ, అతిథి వంక జాలిగా చూసేది ఆవిడ, నవ్వాపుకోలేక ఇబ్బంది పడేది ఆవిడ. బొమ్మ మొహం ఎర్రబడదు కదా, గుడ్డకి నెత్తురెక్కడిది? ఎర్రబడాల్సిన మొహం ఒకటి అక్కడ ఉండాలి. అది లేకపోతే అన్నదమ్ములవి ఉత్త బూతులు. ఆవిడ సిగ్గుపడింది కాబట్టి హాల్లో కూర్చున్న నేను నవ్వగలిగాను. బొమ్మలకి వచ్చిన పేరులో ఆవిడకి రావాల్సిన వాటా పూర్తిగా రాలేదనే నా అభిప్రాయం.

మా ఊరి తోలుబొమ్మలాట తలుచుకోకుండా ఎలా ఉండను? రామరావణ యుద్ధం మధ్యలో తెర మీదికి జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు ఊడిపడేవాళ్ళు. మేకతోలు బొమ్మలు నోళ్ళు విప్పితే ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకునేవాళ్ళు, పిల్లల్ని పడుకోమని కసిరేవాళ్ళు. మేం కళ్ళు మూసుకుని వినేవాళ్ళం. ముందు వరసలో కుర్చీ వేయించుకుని కూర్చున్న కరణంగారి మీద జుట్టుపోలిగాడు ఒకటి విసిరేవాడు, భూమి కొలతల గురించి. కరణంగారు నవ్వేవారు. నవ్వక ఏం చేస్తారు? కోప్పడితే నిజమని ఒప్పుకున్నట్టు. పొద్దున్నే ఎవరైనా ఆ మాటే అంటే వాడి గతేమిటో అందరికీ తెలుసు. డబ్లిన్ టీవీలో అతిథుల మొహాల మీద కనపడింది కూడా కరణంగారి నవ్వే.

ఐర్లండువాళ్ళకి ఒకరినొకరు ఆటపట్టించుకోవడం వెన్నతో పెట్టిన విద్య. స్లాగింగ్ అంటారు. మనవైపు పెళ్ళిలో వియ్యాలవారి మీద పాటలు కట్టి తిట్టినట్టన్నమాట, ఉడుక్కున్నవాడు ఓడినట్టు. దేశం మొత్తం తనమీద తాను వేసుకునే స్లాగింగ్ కూడా ఉంది. 2008లో యూరోవిజన్ పాటల పోటీకి ఐర్లండు డస్టిన్ అనే టర్కీ కోడి బొమ్మను పంపింది. బెల్‌గ్రేడ్ వేదిక మీద షాపింగ్ ట్రాలీలో నిలబడి పాడిన ఆ కోడి సెమీఫైనల్లోనే ఓడిపోయి ఇంటికొచ్చింది.

పాడ్జ్, రాడ్జ్‌ల్లో నాకు నచ్చనిదీ ఉంది. ఆడవాళ్ళ మీద వేసిన జోకుల్లో సగం చౌకబారువి. బొమ్మ నోట్లోంచి వచ్చినంత మాత్రాన అవి తేలికపడవు. పోనుపోను అతిథులూ తెలివిమీరారు. తిట్టించుకుంటే ప్రచారమని, తిట్టించుకోవడానికి తయారై వచ్చారు. తయారై వచ్చినవాణ్ణి తిట్టడంలో పసేముంది? 2018లో డోరీన్ గారిహిని పక్కన కూర్చోబెట్టి షోని మళ్ళీ తెచ్చారు. అప్పటికి చేతిలో ఫోనున్న ప్రతివాడూ మొహం దాచుకుని ఎవర్నైనా ఏమైనా అనగలుగుతున్నాడు. చాటున నక్కే హక్కు ఇద్దరు బొమ్మలాటగాళ్ళకే ఉన్న రోజుల్లో దానికో విలువ ఉండేది.

డబ్లిన్ నుంచి నేను తెచ్చుకున్న పాఠం చిన్నది. మేజోడు తొడుక్కుని ఇంటర్వ్యూలకి వెళ్ళలేను. కానీ పక్కన ఎర్రబడే మొహం నాదే కావొచ్చు. గట్టి ప్రశ్న వచ్చినప్పుడు, “ఇది అడగడానికి నాకే మొహమాటంగా ఉందండీ” అని ముందు చెప్పి, ఆ మొహమాటం దాచుకోకుండా కాసేపు అలాగే కూర్చునేవాణ్ణి. చాలామంది నన్ను చూసి జాలిపడి జవాబు చెప్పేశారు. రిటైరయ్యేనాటికి నా నోట్‌బుక్కుల్లో గీతల కింద రాతలు బాగా తగ్గాయి.

ఆ నటుణ్ణి మాత్రం మళ్ళీ కలవలేదు. ఆయన 2009లో పోయారు. సంతాప వ్యాసం నేనే రాశాను. దాని పక్కన వేసింది ఆనాడు మా ఫొటోగ్రాఫర్ తీసిన ఫొటోనే, కుడివైపు నుంచి తీసింది.