నీళ్ళలో తిరిగే సాన

కొబ్బరి, తాడి చేవ మీద ఉలి ఎంత త్వరగా మొద్దుబారుతుందో కోనసీమలో నగరం, రాజోలు వైపు వడ్రంగులకు చెప్పక్కర్లేదు. మామూలు గ్రైండరుకు గట్టిగా ఆనిస్తే అంచు నీలమెక్కుతుంది. ఉక్కు పస పోయినట్టే. నీళ్ళ సాన మెషిన్‌తో ఆ బెంగ లేదు. స్వీడన్‌వాళ్ళ టోర్మెక్ పెద్ద మెషిన్‌లో 250 మిల్లీమీటర్ల రాయి తొట్టిలో తడుస్తూ నిమిషానికి 90 చుట్లే తిరుగుతుంది. ఎంత నెమ్మదో! ఆ నెమ్మదే దాని గొప్ప.

ఉలిని బిగించి రాయి వెడల్పంతా అటూ ఇటూ జరుపుతూ ఉండాలి, ఒక్కచోటే ఆనిస్తే గాడి పడుతుంది. వెనకవైపు సన్నటి మడత వేలికి తగలగానే మెషిన్‌కే ఉన్న తోలు చక్రం మీదికి మార్చాలి. అక్కడ అంచు చక్రం తిరిగే దిక్కుకే ఉండాలి; ఎదురు పెడితే తోలు తెగుతుంది.

పని కాగానే తొట్టి దించెయ్యాలి. లేకపోతే రాయి ఒకపక్కే నాని, మళ్ళీ తిప్పినప్పుడు ఊగుతుంది. అడుగున పేరుకున్న రాతిబురద కడిగెయ్యాలి. కోనసీమ ఉప్పుగాలికి తడి ఇనుము ఇట్టే తుప్పుపడుతుంది కాబట్టి ఉలిని పొడిగా తుడిచి కొబ్బరినూనె రాయాలి. చిత్రిక బ్లేడుకూ ఇంతే శ్రద్ధ పెట్టే వడ్రంగి చిత్రిక పట్టిన టేకు తలుపును చూడండి, ఉప్పుకాగితంతో పెద్దగా పనిపడదు.