ఊపిరితో అతికిన బంగారం

మధ్యయుగం చివర్లో ఫ్రాన్సులో ప్రార్థన పుస్తకాలకు బొమ్మలు వేసినవాళ్ల ఓర్పుకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. నున్నగా గీకి ఆరబెట్టిన దూడచర్మమే వాళ్ల కాగితం. దానిమీద సన్నటి గీతలతో బొమ్మ గీశాక, రంగుల కంటే ముందు బంగారం వంతు. సుద్ద, జిగురు కలిపిన ముద్దను కాస్త ఉబ్బెత్తుగా పూసి, ఆరాక దగ్గరగా వంగి నోటి ఆవిరి ఊదేవారు. ఆ చెమ్మకే బంగారు రేకు అంటుకునేది. ఆపైన కుక్కకోరతో రుద్దితే తళతళలాడేది. ఈ రుద్దుడంతా ముందే అయిపోవాలి, లేకపోతే రంగులు చెదిరిపోతాయి. అఫ్గాన్ కొండల్లోంచి వచ్చిన లాపిస్ లాజులి రాయిని నూరి తీసిన నీలాన్ని తుమ్మబంక నీళ్లలో కలిపి, ఉడుత వెంట్రుకల కుంచెతో పొరమీద పొర వేసేవారు. ముఖాలు మాత్రం చిట్టచివర. లింబూర్గ్ సోదరులు 1416కు ముందు బెర్రీ డ్యూక్ కోసం చిత్రించిన పుస్తకంలో ఫిబ్రవరి పుట చూడండి. జానా బెత్తెడు ఎత్తులోనే మంచు కప్పిన తేనెటీగల బుట్టలు, దొడ్డిలో ముడుచుకున్న గొర్రెలు, గింజలేరుకునే పక్షులు, బట్టలు పైకెత్తి నిప్పు ముందు కాళ్లు కాచుకునే పల్లెజనం. చూస్తుంటే మనకే చలేస్తుంది! ఇలాంటి పుస్తకాల్లో బొమ్మలు అలంకారానికే కాదు, దారి చూపడానికీ పనికొచ్చేవి. రోజులోని ఎనిమిది వేళల ప్రార్థనల్లో ఏది ఎక్కడ మొదలవుతుందో అవే చెప్పేవి. మరియమ్మకు దేవదూత శుభవార్త చెబుతుంటే తొలి ప్రార్థన, పశువుల పాకలో బాలయేసు ఉంటే పొద్దుటి ప్రార్థన, గొల్లలు తలెత్తి ఆకాశంలోకి చూస్తుంటే మూడో గంట ప్రార్థన. అక్షరాలు తడుముకుంటూ చదివేవాళ్లు కూడా తమకు కావలసిన పుటను బొమ్మ చూసి ఇట్టే పట్టేయగలిగేవారు.