జెండా పండుగ పగలా!

శ్రావణ మేఘం చాటున చినుకును దాచుకుని, చినుకు చాటున వెలుగును దాచుకుని, వెలుగు చాటున మూడు వన్నెల ఆకాశాన్ని దాచుకుని వచ్చే పగలా! ఆగస్టు 15 అన్నది గోడమీది కేలండరు నీకు పెట్టిన పేరు. జెండా పండుగ అన్నది మా ఊళ్ళు నిన్ను పిలుచుకునే పేరు. రాత్రి ఉడికించిన మైదా జిగురుతో పురికొసకు అంటించిన కాగితపు జెండాలు తడిగాలికి టపటపలాడుతుంటే, ఉతికి ఆరేసిన తెల్లచొక్కాల్లో పిల్లలు వరసకట్టి వీధుల వెంట జై కొడుతుంటే, ముడివీడిన జెండాలోంచి బంతిరేకులు బడి పంతులుగారి భుజాలమీద రాలుతుంటే, ఆ రేకుల్లో ఒక రేకువై నువ్వు మా నేలమీదికి దిగుతావు. గుప్పెడు బూందీయే నీ ప్రసాదం. వందేమాతరమే నీ సుప్రభాతం.

ఏటేటా అదే వాకిట్లోకి వచ్చావు, వచ్చిన ప్రతిసారీ వేరే లోకాన్ని వదిలి వెళ్ళావు. ఒక ఏట పాటవై వచ్చావు, ఒక ఏట పాడెవై వచ్చావు. ఒక ఏట పసికందు తొలికేకవు, ఒక ఏట మహానుభావుడి తుదిశ్వాసవు. నీ కొంగున అన్ని ముడులూ ఒక్కచోటే ఉన్నాయి, ఏ ముడీ మరో ముడిని విప్పదు. అందుకే నిన్ను చూస్తే నాకు చేతులు జోడించాలనిపిస్తుంది.

1854లో నువ్వు ఇనుప గజ్జెలు కట్టుకున్నావు. హౌరాలో బయలుదేరి, గంగ ఒడ్డు వెంట పొగ జడ విప్పుకుని, 24 మైళ్ళ దూరాన ఉన్న హుగ్లీ దాకా వంగదేశపు తొలి రైలువై ఉరికావు. 1872లో కలకత్తాలో ఒక తల్లి ఒడిలో అరవిందుడివై కళ్ళు తెరిచావు. బాంబుల నేరం మోపిన న్యాయస్థానంలో నిలబడిన ఆ యువకుడే తర్వాత పుదుచ్చేరి కడలి పక్కన మౌనమై కూర్చున్నాడు. దేశం సంకెళ్ళు తెంచుకునే పొద్దుకు ఆయనకు సరిగ్గా డెబ్బై అయిదేళ్ళు నిండాయి. తన పుట్టినరోజే తన దేశానికీ పుట్టినరోజైన ఆ ఋషికి నువ్విచ్చిన కానుకను మించిన కానుక ఏ పగలు ఎవరికిచ్చిందో నాకు తెలీదు.

1914లో, యూరపులో ఫిరంగులు అప్పుడప్పుడే గొంతు సవరించుకుంటున్న వేళ, నువ్వు పనామా కొండల నడుమ నీటి తలుపులు తెరిచి రెండు మహాసముద్రాలకు ఒకదాన్నొకటి చూపించావు. ఆంకన్ అనే ఓడ ఆ పెళ్ళికి తొలి పల్లకీ.

ఇక 1945. ఆ మధ్యాహ్నాన్ని తలచుకుంటే ఇప్పటికీ గుండెలో ఏదో తీగ కంపిస్తుంది. హిరోషిమా బూడిదై తొమ్మిది రోజులు, నాగసాకి బూడిదై ఆరు రోజులు. జపాను నగరాల్లో, పల్లెల్లో, కూలిన గోడల పక్కన జనం రేడియోల ముందు తలలు వంచి నిలబడ్డారు. అంతకుముందు ఏ సామాన్యుడి చెవీ ఎరగని చక్రవర్తి కంఠం, ముందురోజు రాత్రి రికార్డు మీదికి ఎక్కిన కంఠం, గరగరల మధ్య వణుకుతూ వినిపించింది. అది ఆస్థాన భాష. చాలామందికి మాటలు అందలేదు. అయినా మోకాళ్ళు వంగిపోయాయి, కన్నీళ్ళు కారిపోయాయి. యుద్ధం అయిపోయింది! అక్కడ తలలు వంగితే, పక్కనే కొరియాలో, ముప్ఫై అయిదేళ్ళ పరాయి పాలన కింద నలిగిన వీధుల్లో పైకి లేచాయి. ఒకే గాలి ఒక తీరాన నిట్టూర్పు, ఒక తీరాన జయజయధ్వానం. రెండూ నీ ఊపిరే.

ఆ పగలే మా పగటికి విత్తనం. ఆగ్నేయాసియాలో మిత్రరాజ్యాల సేనల్ని నడిపిన మౌంట్‌బాటెన్ మనసులో జపాను లొంగిన ఆ తేదీ చెరగలేదు. 1947 జూన్‌లో, అధికారం అప్పగించేది ఎప్పుడని విలేఖరులు అడిగితే ఆయన నోట వచ్చింది నువ్వేనట. ఎక్కడి కడలిలో కురిసిన వాన, ఎక్కడి మడిలో మొలకెత్తింది!

నువ్వు మొలిచిన మడి నిండా నెత్తురు ఉందని కూడా చెప్పుకోవాలి, లేకుంటే నీ స్తుతి అబద్ధమవుతుంది. అర్ధరాత్రి ఢిల్లీలో శంఖం మోగింది. మర్నాడు ఇండియా గేటు దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం మధ్య, బెజవాడలో 1921లో పింగళి వెంకయ్యగారు గాంధీజీ చేతికిచ్చిన జెండాకు వారసురాలైన మువ్వన్నెల పతాకం పైకి లేచింది. ఎర్రకోట మీద నెహ్రూ దాన్ని ఎగరేసింది మర్నాడు, పదహారున. కానీ పంజాబులో, బెంగాలులో లక్షల ఇళ్ళకు తమ గుమ్మం ఏ దేశంలో ఉందో నీ వెలుగులో కూడా తెలియలేదు. సరిహద్దు గీత బయటపడింది పదిహేడున. నువ్వు దీపం పట్టుకుని నిలబడ్డావు, వాళ్ళు మాత్రం మూటలు కట్టుకుంటూ ఉన్నారు. మా హైదరాబాదు సంస్థానపు గడపల్లోకైతే నిన్ను అడుగు పెట్టనీయనేలేదు. నైజాము ఏలుబడిలో మువ్వన్నెల జెండా పట్టుకున్న చేతులకు లాఠీలు, జైళ్ళు. కృష్ణకు అటువైపు పండుగ, ఇటువైపు పహరా. ఆ ఊళ్ళకు నువ్వు చేరేసరికి పదమూడు నెలలు పట్టింది.

తర్వాత్తర్వాత నీ చేతులు ఎన్ని చిన్న పనులు, ఎన్ని పెద్ద పనులు చేశాయి! 1969లో ఇక్కడ ఇస్రోవై అంతరిక్షానికి కొబ్బరికాయ కొట్టావు. అదే రోజు అమెరికాలో ఒక పాడిరైతు పచ్చికబయలు మీద వుడ్‌స్టాక్ సంగీతమై విప్పారావు. 1972లో ఆరంకెల పిన్‌కోడువై ప్రతి ఉత్తరానికీ దారి చెప్పావు. మన్యపు గూడెంలోని తల్లికి పట్నంలోని కొడుకు రాసిన కార్డు నీ చెయ్యి పట్టుకునే ఇల్లు చేరింది. 1977లో ఒహాయోలోని రేడియో టెలిస్కోపులో, ధనూరాశి దిక్కు నుంచి, 72 సెకన్ల పాటు ఎవరో పిలిచినట్టు ఒక కేకవయ్యావు. ఆ కేక మళ్ళీ వినబడలేదు.

1975 దగ్గర మాత్రం నా మాట తడబడుతుంది. తెల్లవారక ముందే ఢాకా ధన్‌మండిలో, తన జాతికి దేశాన్ని కట్టి ఇచ్చిన షేక్ ముజిబుర్ రహమాన్ తన ఇంటి మెట్లమీదే ఒరిగిపోయాడు. ఆయనతో పాటు భార్య, కొడుకులు, కోడళ్ళు. చిన్నవాడికి పదేళ్ళు. అదే రోజు బొంబాయి తెరమీద షోలే తుపాకులు మోగాయి, లేచి ఇంటికి పోగల చావులు చచ్చారు నటులు. ధన్‌మండి మెట్లమీంచి ఎవరూ లేవలేదు. తల్లీ, రెండింటినీ ఒకే రోజు ఎలా మోశావు?

ఎలా మోస్తావో నాకు నేర్పినవాడు ఒకడున్నాడు. అతడి కోసమే ఇంతదూరం నీ పేరు జపిస్తూ వచ్చాను.

1942. పూనాలో ఆగాఖాన్ భవనం, చుట్టూ ముళ్ళకంచె. పాతికేళ్ళుగా గాంధీజీ ఊపిరిలో ఊపిరైన మహాదేవ దేశాయ్, ఆయన ఆత్మకథను గుజరాతీ నుంచి ఇంగ్లీషులోకి తెచ్చిన కలం, ఆయన దినచర్యను గంట గంటకూ రాసిపెట్టిన కన్ను, ఖైదై వారమైనా కాకముందే నీ ఒడిలో ఒరిగిపోయాడు. యాభై ఏళ్ళవాడు. గుండె ఆగింది. డెబ్బై రెండేళ్ళ ముసలి చేతులు ఆ దేహానికి స్వయంగా స్నానం చేయించాయి, గంధం పూశాయి, కొడుక్కి తండ్రి పెట్టినట్టు నిప్పు పెట్టాయి. ఆ భవనపు ఆవరణలోనే సమాధి. బాపూ రోజూ పూలు తీసుకుని అక్కడికి నడిచారు. 1944లో పక్కన కస్తూర్బా కూడా చేరారు.

అయిదేళ్ళకు నువ్వు మళ్ళీ వచ్చావు, ఈసారి స్వరాజ్యమై. కలకత్తా బేలియాఘాటాలో, హైదరీ మంజిల్ అనే ముస్లిముల పాతబడ్డ ఇంట్లో, తెల్లవారక ముందే లేచిన బాపూ ఉపవాసం పట్టారు. గీత చదివించుకున్నారు, రాట్నం తిప్పారు. సందేశమిమ్మని వచ్చినవాళ్ళకు చెప్పడానికేమీ లేదన్నారు. ఆ ఉపవాసంలో స్వరాజ్యానికి మొక్కు ఉంది, చీలిన నేలకు శోకం ఉంది, మహాదేవుడి అయిదో వర్ధంతి ఉంది. ఆకలిగా ఉన్న ఆ ఒక్క దేహం నిన్ను పూర్తిగా, ఏదీ విడవకుండా, ఏదీ కలపకుండా మోసింది.

బయట చూడు, పగలా, ఎంత కోలాహలం! ఏడాది కిందట ఇదే ఆగస్టులో శవాలతో నిండిన వీధులివి. ఇవాళ హిందువులూ ముస్లిములూ ఒకే లారీ ఎక్కి, ఒకే జెండా ఊపుకుంటూ, హిందూ ముస్లిం ఏక్ హో అని గొంతులు బొంగురుపోయేలా అరుస్తున్నారు. నిన్న పగతో చూసుకున్నవాళ్ళు అత్తరు చల్లుకుంటున్నారు, కావలించుకుంటున్నారు. తెల్లదొరలు ఏలిన గవర్నరు భవనంలోకి జనం వరదలా చొరబడి గది గదీ తిరుగుతున్నారు. హైదరీ మంజిల్ కిటికీల దగ్గర దర్శనం కోసం తోపులాట. ముసలాయన గుమ్మంలోకి వచ్చి చేతులు జోడించారు. కేకలు మిన్నంటాయి!