గూడు వేరైన గోరింకలు

కువైట్‌లో ఖర్జూర చెట్ల మీద రామచిలకలు అరుస్తుంటాయి. కింద గోరింకలు గింజలేరుకుంటుంటాయి. రెండూ పుట్టుకతో అక్కడివి కావు. పంజరాల్లో వెళ్లి, తప్పించుకుని, ఆ ఎడారి నగరంలో పిల్లాపాపలతో స్థిరపడ్డాయి. కడప నుంచో, గోదావరి జిల్లాల నుంచో వెళ్లినవాళ్లకు అవి ఊరివాళ్ల కిందే లెక్క.

అన్యోన్యంగా ఉండే జంట కనిపిస్తే మనవాళ్లు ‘చిలకా గోరింకల్లా ఉన్నారు’ అంటారు. ఆ పేరుతో 1966లో సినిమా కూడా వచ్చింది. కృష్ణంరాజుకు అదే తొలి చిత్రం. తమాషా ఏమిటంటే, దీని జాతి వేరు, దాని జాతి వేరు. పైగా గుడ్లు పెట్టుకోవడానికి చెట్టు తొర్ర కావాల్సొస్తే రెండూ కొట్టుకుంటాయి. ఆ సంగతి తెలిసే పెద్దలు మొగుడూ పెళ్లాలకు ఈ పోలిక తగిలించి ఉంటారు!

మిగతా భాషలవాళ్లు వేరువేరు జాతులను జతకట్టే సాహసం చేయలేదు. పక్షి తన పోలికవాటి దగ్గరే వాలుతుందని అరబ్బుల సామెత. ఒకేలాంటి ఈకలున్న పిట్టలే ఒక గుంపు కడతాయని ఇంగ్లీషువాళ్లది. స్పెయిన్ వాళ్లయితే ఏ గొర్రె దాని జోడీతోనే అని తేల్చేశారు. పెళ్లిచూపుల్లో కులగోత్రాలు అడిగే పెద్దమనిషి గొంతు ఈ మూడింటిలోనూ వినిపిస్తుంది. ప్రేమలో మునిగిన కొత్తజంటను మాత్రం స్పానిష్‌లో ముద్దుగా గువ్వలంటారు. ఇంగ్లీషులో లవ్ బర్డ్స్ అంటారు, అవి ఆఫ్రికా చిలకలు. అరబ్బీ కవులకు ప్రేయసి అంటే జింక.

చిలకా గోరింకల్లా ఉండాలంటే ముందు ఒక గూట్లో ఉండాలి కదా. ఇంటిపనివాళ్లకు కువైట్ 2016లో ఖాయం చేసిన కనీస జీతం నెలకు 60 దినార్లు. కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే జీతం 800 ఉండాలన్న నిబంధన 2024లో వచ్చింది. ఖద్దామాగా, అంటే పనిమనిషిగా, వెళ్లిన రాయచోటి అమ్మాయికీ, ఊళ్లో ఉన్న ఆమె మొగుడికీ గోరింకల కన్నా మన పాత కావ్యాల్లోని చక్రవాకాలే దగ్గర. పగలంతా జంటగా తిరిగి, చీకటి పడగానే విడిపోయి, ఏటికి చెరో ఒడ్డునా తెల్లవార్లూ ఒకదాన్నొకటి పిలుచుకుంటాయని కవుల నమ్మకం.

ఆ పక్షులకు పగలైనా కలిసొచ్చింది. ఈమెకు అదీ లేదు. గిన్నెలు కడగడం పూర్తయ్యేసరికి అక్కడ రాత్రి పది, రాయచోటిలో పన్నెండున్నర. అయినా రెండో రింగుకే ఇమో యాప్‌లో అతను ఫోనెత్తుతాడు.