విషాదనాటకము - తెరపై న్యాయము

నాటకమును తెర కెక్కించినవారు మూలమును చెడగొట్టలేదనుటకు సాధారణముగా చూపు సాక్ష్యము సంభాషణలు. ఒక్క మాటయు మార్చలేదందురు. ఆ సాక్ష్యము చాలదని 1971 నాటి మరాఠీ చిత్రము ‘శాంతతా! కోర్ట్ చాలూ ఆహే’ను గూర్చి ఆలోచించినచో తెలియును. దర్శకుడు సత్యదేవ్ దూబే 1936లో బిలాస్‌పూర్‌లో జన్మించెను. బెంగాల్-నాగపూర్ రైల్వే కాలమునుండి తెలుగు కుటుంబములు స్థిరపడిన ఆ పట్టణమును మనవారిలో పెక్కురు రైలు మారుచోటుగానే ఎరుగుదురు.

విజయ్ తెండూల్కర్ 1963లో వ్రాసిన ఆ నాటకమున, పల్లెకు వచ్చిన నటబృందము కాలక్షేపమునకై ఉత్తుత్తి విచారణ ఆరంభించును. ముద్దాయి లీలా బేణారే అను ఉపాధ్యాయిని; నేరము శిశుహత్య. ఆట క్రమముగా నిజమగును. ఆమె గర్భవతి యను రహస్యము బయటపడును. కారకుడైన ప్రొఫెసర్ దామ్లే కనిపించడు; రాకపోవుటయే అతని పాత్ర.

రంగముపై అందరును ఒక్కమారే కనిపింతురు. ఒకరు ఆమెను నిందించుచుండగా న్యాయాధిపతి వేషమున నున్న కాశీకర్ చెవి గెలుకుకొనుచుండును! నాటకములోని క్రౌర్యమంతయు ఆ నిర్లక్ష్యమున నున్నది. కెమెరా ఒక ముఖము నెన్నుకొన్నచో తక్కినవి మాయమగును. సంఘము చేసిన నేరము ఒక దుర్మార్గుని నేరముగా కుదించుకొనిపోవును. సంభాషణ మారలేదు, అర్థము మారినది.

ఈ చిత్రమునకు చిత్రానువాదము వ్రాసినది తెండూల్కరే. రంగముపై బేణారేగా నటించిన సులభా దేశపాండేయే తెరపైనను నటించినది. ఇంతకన్న పూచీ ఏమి కావలెననిపించును. కాని చివరి వరుసకు వినిపించవలసిన కంఠము వేరు, ముఖమునకు జానెడు దూరమున నిలిచిన కెమెరా యెదుట పలుకు కంఠము వేరు. చివర బేణారే సుదీర్ఘముగా మాటాడునప్పుడు తక్కినవారు శిలలవలె నిలిచిపోవుదురు. రంగస్థలమున అది సహజము. తెరపై అదే నిశ్చలత ఫోటోవలె తోచు ప్రమాదము కలదు.

మన చిక్కు ఇంకొక విధమైనది. కాళ్లకూరి నారాయణరావు ‘వరవిక్రయము’ను 1939లో సి. పుల్లయ్య తెర కెక్కించెను. కాళింది పాత్ర భానుమతి తొలి చిత్రము. మృత్యుఘట్టమునకును ‘వన్స్‌మోర్’ కొట్టగల ప్రేక్షకులు మనవారు! పద్యమునకు రాగము తీసినచో తెరపై కథ నిలిచిపోవును. తీయనిచో మూలము మూగపోవును. రాగమును తగ్గించి పద్యమును నిలుపుటయే మేలు.

కాళింది బావిలో పడుటతో ముగించినచో నిర్దుష్టమైన విషాదచిత్రమే యగును. కాని అది కాళ్లకూరివారిది కాదు. చెల్లెలు కమల కట్నమిచ్చి మగని కొనుక్కొంటినని న్యాయస్థానమున వాదించుటకే ఆయన కలము పట్టెను. బేణారేకు లభింపని న్యాయస్థానమది.